పులుల మధ్య అల్లిన బుట్టలు

మార్కాపురం, మేదర వీధి,
భావ నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ పంచమి.

బావకు అలివేలమ్మ నమస్కారాలు.

ఇక్కడ నేనూ, మామా, మన పాప ఎల్లమ్మా వేళకు తింటూ, ఏ నలతా లేకుండా ఉన్నాం. చెన్నపట్నం బుట్టల దుకాణంలో నువ్వు కులాసాగా ఉన్నావని నీ కార్డు చూస్తేనే తెలిసింది. ఒంట్లో బాగాలేని మనిషి అన్ని ఆజ్ఞలు ఒక్క కార్డులో ఇరికించలేడు. చోటు చాలక చివరి ముక్కలు చిరునామా పక్కన రాశావు. పోస్టు బంట్రోతు "రంగు బాగా ఉడికించు, అంచు గట్టిగా కట్టు" అని పైకి చదువుకుంటూ వీధంతా నడిచి వచ్చాడు. నీ మాట ముందు ఊరికి అందింది, తరువాత నాకు అందింది.

ఈ ఉత్తరం నా చేతిరాత. నవ్వకు. ఇన్నాళ్లూ తాలూకా కచేరీ ముందు అర్జీలు రాసే అయ్యగారి దగ్గర కూర్చుని చెప్పేదాన్ని. నేను రెండు మాటలు చెబితే ఆయన ఇరవై రాసేవాడు. మొన్న ఉగాదికి మామకు దగ్గు తగ్గిందని చెబితే ఆయన ఏమని రాశాడో, నువ్వు బెదిరిపోయి తంతి కొట్టావు. అందుకే మిషన్ బడి పంతులమ్మ అన్నమ్మగారి దగ్గర ఆరు నెలలుగా అక్షరాలు నేర్చుకుంటున్నాను. ఈ ఊళ్లో పలకకు కరువు లేదు. గని దగ్గర పారేసిన అంచు విరిగిన పలక ఒకటి తెచ్చుకున్నాను. ఒత్తులు ఇంకా నన్ను సతాయిస్తున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. రంగు పొట్లాలు చేరాయి. గులాబీ పొట్లం దారిలోనే చినిగింది. పార్సిల్లో ఉన్నదంతా గులాబీ అయింది. పాపకు పంపిన తెల్ల గౌను కూడా గులాబీయే. పాప దాన్ని విప్పనంటోంది. మామ మాత్రం ఆ పొట్లాలు చూసినప్పుడల్లా అదే మాట అంటున్నాడు. "వెదురుకు రంగేంది? వెదురుకు వెదురు రంగు లేదా?" నేను బద్దలు రంగునీళ్లలో ఉడకబెడుతుంటే అటు మొహం తిప్పుకుని కూర్చుంటాడు. ఆయన అల్లేవి ఆయన అల్లుతున్నాడు. గంపలు, తట్టలు. నీ మూతల బుట్టలు, పిడుల బుట్టలు, దొరసానుల టోపీలు అన్నీ నా నెత్తినే. టోపీ అల్లమని రాశావు గానీ దొరసాని తల ఎంతుంటుందో రాయలేదు. మామ తలకు పెట్టి కొలత తీసుకున్నాను. సరిపోకపోతే నన్ను అనకు.

మామకు దగ్గు లేదు. మేక రెండు పిల్లలు పెట్టింది. ఒకటి ఆడది.

స్టేషనులో బేరాలు ఎట్లా ఉన్నాయని అడిగావు. వారానికి రెండుసార్లు బండి కట్టించుకుని మార్కాపురం రోడ్డు స్టేషనుకు పోతున్నాను. ఎండాకాలంలో ఒకాయన కిటికీలోంచి విసనకర్ర తీసుకుని, గార్డు ఈల వేసేదాకా విసురుకుని, గాలి చల్లగా లేదని తిరిగి ఇచ్చేశాడు. ఎండాకాలపు గాలి కూడా నేనే అల్లానా? ఇక కార్తీకంలో శ్రీశైలం పోయే యాత్రికుల సంగతి చెప్పనక్కర్లేదు. గుంటూరు నుంచి వచ్చిన ఒకామె కొండ ఎక్కేటప్పుడు పూజ సామానుకు బుట్ట కొనుక్కుపోయింది. దిగివచ్చాక దాన్ని తిరిగి తీసుకోమంటుంది. "స్వామి సన్నిధికి పోయొచ్చిన బుట్ట. నీకే పుణ్యం" అంటుంది. పుణ్యం నాకు, పైకం ఆమెకు. బండి కదిలేదాకా వాదించాను. చివరకు ఆమె బుట్ట తీసుకునే పోయింది గానీ నన్ను చూసిన చూపు మాత్రం వదిలిపెట్టి పోయింది.

ఇక నీ అసలు ప్రశ్న. నెల కావస్తున్నా సరుకు ఎందుకు పంపలేదని, దొరసాని వస్తే మర్యాదగా చూసుకున్నానా అని. బావా, "ఒక దొరసాని మన ఊరు వస్తోంది, ఏమడిగినా అవునను" అని నువ్వు రాసిన కార్డు, ఆమె వచ్చి పోయిన నాలుగో రోజు చేరింది. ఈ ముక్క ఆమె రైలెక్కకముందు నాకు తెలియజేసే దారే లేదా? మామకు దగ్గు తగ్గిందంటే తంతి కొట్టిన మనిషివి, దీనికి కొట్టకూడదా?

కార్తీక పున్నమి పోయిన మరునాడు, పొద్దు నెత్తి మీదికి వచ్చే వేళ, నేనూ మామా అరుగు మీద బద్దలు చీలుస్తున్నాం. సుబ్బమ్మ కాసేపటి ముందే వచ్చి కూర్చుంది. మనకు నల్లమల నుంచి వెదురు తెచ్చే చిన్నమల్లయ్య పెళ్లాం. నువ్వు పోయిన ఈ పది నెలల్లో ఆమె నాకు బాగా దగ్గరైంది. సంతకు దిగినప్పుడల్లా చెంచుగూడెం కబుర్లు చెప్పి, ఇన్ని మజ్జిగ తాగి, కాసేపు నడుం వాల్చి పోతుంది. ఆ రోజు తేనె కుండ పక్కన పెట్టుకుని కూర్చుంది. ఎర్ర అంచు ఉన్న ఆకుపచ్చ చీర, కొత్తది, కట్టుకుంది.

వీధి మొగన గుర్రబ్బండి ఆగింది. టోపీ పెట్టుకుని, మెడలో ఫోటో పెట్టె వేసుకుని ఒక దొరసాని దిగింది. వెనకాల మన పంతులమ్మ అన్నమ్మగారు. దొరసాని ముందు రోజే ప్రయాణికుల బంగళాలో దిగిందట. ఇంగ్లీషు తెలిసినవాళ్లు కావాలంటే మిషన్ బడికి కబురు పంపారట. దొరసాని సంచిలోంచి ఒక మూతల బుట్ట తీసింది. అంచు కట్టు చూడగానే నాదేనని తెలిసింది. దానికి దారంతో కట్టిన అట్టచీటీ ఒకటి ఉంది. పంతులమ్మ దాన్ని చదివి తెలుగులో చెప్పింది. మన వీధి సగం అక్కడే ఉంది.

"ఈ బుట్టను నల్లమల కీకారణ్యంలో చెంచు స్త్రీలు పులుల మధ్య కూర్చుని అల్లుతారు. వెన్నెల ఉన్నప్పుడు మాత్రమే అల్లుతారు. ఒక్కొక్క బుట్టకు పదకొండు పున్నములు పడతాయి."

పదకొండు పున్నములా బావా! ఆ బుట్ట నేను ఒక్క పూటలో అల్లాను. మధ్యలో లేచి పాపకు తల దువ్వాను, రాగి సంగటి కెలికాను.

మామ కత్తి కింద పెట్టాడు. "ఎవరు రాసినారమ్మా ఆ ముక్క?" అని అడిగాడు.

"మీ అబ్బాయే రాయించినాడంట మామా" అంది పంతులమ్మ, ఇబ్బందిగా.

"ఏంది, పులులా? యాభై ఏండ్ల నుంచి ఈ అరుగు మీద కూర్చొని అల్లుతుండా. పులి ఏంది, పిల్లి గూడా నా పక్కన కుదురుగా కూచోలే."

వీధంతా నవ్వారు. దొరసాని కూడా, ఏమిటో తెలియకపోయినా, నవ్వింది. అప్పుడు ఆమె వచ్చిన పని పంతులమ్మ చెప్పింది. ఈ బుట్టలంటే ఆమెకు ప్రాణమట. వంద బుట్టలు తమ దేశానికి తీసుకుపోతుందట. ఒక్కోదానిలో అల్లిన మనిషి ఫోటో పెట్టి అక్కడి దుకాణంలో ఉంచుతుందట. అందుకని అల్లే చెంచు ఆడవాళ్లను కళ్లారా చూడాలి. అడవిలోకి ఎంత దూరం పోవాలో చెప్పమంది.

మన పక్కింటి యల్లయ్య నా చెవి దగ్గర గొణిగాడు. "అడవి దాకా ఎందుకు? సుబ్బమ్మ ఈడే ఉంది గదా. చేతిలో ఒక బుట్ట పెట్టు. చెంచుదే గదా, అబద్ధమేముంది?"

నేను పెట్టాను. సగం అల్లిన బుట్ట తీసి సుబ్బమ్మ ఒళ్లో పెట్టాను. ఆమె తిప్పి చూసింది.

"నాకు ఇట్లాంటివి రావక్కా. గడ్డలకని, తేనెకని మేము తట్టలు అల్లుకుంటాం. ఈ మూతలు, ఈ రంగులు మాకెందుకు?"

"ఊరికే పట్టుకో. ఒక్క ఫోటో" అన్నాను.

నవ్వుకుంటూ పట్టుకుంది. దొరసాని పెట్టె తెరిచింది. ఇటు నుంచి చూసింది, అటు నుంచి చూసింది. పంతులమ్మతో ఏదో అంది. కొత్త చీర బాగాలేదట, అడవి మనిషిలా పాతదేదైనా కట్టుకోవాలట. ఆ మాటతో సుబ్బమ్మకు మనసు విరిగి లేచి పోయింది. తేనె కుండ కూడా తీసుకుపోయింది. దొరసాని ఫోటో లేకుండానే బంగళాకు పోయింది. ఆ రోజు నుంచి చిన్నమల్లయ్య మన గడప తొక్కలేదు. వెదురు లేక పని ఆగింది. అందుకే సరుకు పంపలేదు.

ఇదంతా నీ పులుల వల్ల. నువ్వు అక్కడ హాయిగా హార్బరు గాలికి కూర్చుని ఓడ దిగిన ప్రతివాడికీ ఒక కథ చెబుతావు. ఆ కథకు కాళ్లొచ్చి బెజవాడలో బండి మారి మన గుమ్మంలోకి వస్తే ఇక్కడ పడేది నేను. నీ కథలో నా పేరు లేదు, మామ పేరు లేదు. పోనీ అనుకుందాం. ఉన్న పేరు ఎవరిదో వాళ్లనైనా అడిగావా? చిన్నమల్లయ్య నీతో కలిసి ఎన్నిసార్లు అడవిలో నడిచాడు! నిన్ను ఎలుగుబంటి దారిలోంచి తప్పించిన మనిషి. అతని ఆడవాళ్లు పులుల మధ్య కూర్చుంటారని చెప్పడానికి నీకు నోరెట్లా వచ్చింది?

*

ఇంతవరకూ రాసి పంతులమ్మకు చూపించాను, ఒత్తులు దిద్దమని. ఆమె కాగితం మొత్తం చదివింది. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. "తప్పులు అక్షరాల్లో లేవు అలివేలూ" అని తిరిగి ఇచ్చేసింది. ఇక్కడి నుంచి ఎవరికీ చూపించడం లేదు. తప్పులు తప్పులుగానే వస్తాయి.

బావా, దొరసాని ఆ మాట అనలేదు.

ఆమె పెట్టె తెరిచి, సుబ్బమ్మను చూసి అన్నదేమిటంటే, ఈ చీర ఎంత బాగుందో, ఈ అంచు ఈ ఊళ్లోనే నేస్తారా అని. పంతులమ్మ నా పక్కకు వచ్చి మెల్లగా, అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. అది మెచ్చుకోలు. నేను మాత్రం వేరుగా తీసుకున్నాను. చీర మీద కన్ను పడింది, ఈమె అడవి మనిషిలా లేదని కనిపెట్టింది, ఇక వంద బుట్టలు పోయినట్లే అనుకున్నాను. ఎవరూ అడగకుండానే లోపలికి పోయి దండెం మీద గుడ్డ తీసుకొచ్చాను. నా పాత చీర ముక్క. సుబ్బమ్మకు అందించి, "ఇది చుట్టుకోవే, తొందరగా" అన్నాను.

ఆమె దాన్ని విప్పి చూసింది. "ఇది ఇల్లు అలికే గుడ్డ గదా అక్కా."

నిజమే. పొద్దున్నే దాంతోనే అలికాను. ఇంకా పేడ వాసన పోలేదు. అప్పుడైనా నేను నోరు మూసుకోవలసింది. "మీకు అడవిలో ఇట్లాంటివే గదా" అన్నాను.

ఆమె కోపపడలేదు. కోపపడి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు. బుట్టను జాగ్రత్తగా అరుగు మీద పెట్టింది, బద్దలు విరగకుండా. ఆ గుడ్డను మడిచి దాని పక్కన పెట్టింది. "చీర చూపిద్దామని వచ్చినా" అంది. తేనె కుండ ఎత్తుకుని వీధి దాటి పోయింది.

ఈ ఏడు అప్పటిదాకా అమ్మిన తేనె డబ్బంతా పెట్టి కొనుక్కున్న చీర అది. మొదటిసారి కట్టుకుని, పెద్దారవీడు అవతల నుంచి ఆ ఎండలో నడిచి, ముందుగా నాకు చూపించాలని వచ్చింది. వచ్చి అంతసేపు కూర్చుంటే చీర బాగుందని ఒక్క మాట నేను అనలేదు. ఆ మాట అన్నది దొరసాని.

ఆమె ఎందుకు వెళ్లిపోయిందని దొరసాని అడిగింది. "వీళ్లకు సిగ్గెక్కువ" అన్నాను. రేపు మళ్లీ పిలిపించమని చెప్పి దొరసాని బండెక్కింది. వీధిలో వాళ్లు చుట్టూ మూగి ఏమైందని అడిగారు. పాత గుడ్డ కట్టుకోమని దొరసానే అందని చెప్పాను. అందరూ దొరసానిని తిట్టారు. నేనూ తిట్టాను. బండి ఎక్కబోతున్న పంతులమ్మ ఆ మాట విని ఆగి, నన్ను చూసి బండెక్కింది.

సాయంత్రం పలక పట్టుకుని పాఠానికి పోయాను. గుమ్మంలోనే నిలబెట్టింది. "ఆమె మాటలు నీకు చెప్పడం, నీ మాటలు ఆమెకు చెప్పడం, అంతే నా పని. ఆమె అనని మాట నా నోట అనిపించినావు. రేపు ఆ సుబ్బమ్మ దారిలో ఎదురైతే నన్నేమనుకుంటుంది?" అంది. ఇంటికి వచ్చి మామకు అంతా చెప్పాను. నిన్ను తిట్టినట్లు నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. బద్ద నున్నగా చెక్కుతూ, "వాడికి నువ్వేమీ తీసిపోలేదమ్మా" అన్నాడు. అంతకన్నా తిట్టు నేను ఎరగను.

ఎందుకు చేశానో కూడా చెబుతాను. దీపావళికి ముందు నువ్వు రాసిన ఉత్తరంలో, ఒక్క పెద్ద బేరం కుదిరితే చెన్నపట్నం వదిలి వచ్చేస్తానని రాశావు. ఆమె వంద అన్నప్పుడు నాకు బుట్టలు కనబడలేదు, నువ్వు స్టేషనులో దిగుతున్నట్లు కనబడింది. ఇది సాకు అని నాకు తెలుసు. అయినా నీకు తెలియాలి. పది నెలలు మనిషి లేకుండా ఉంటే ఎట్లాంటి పనులు చేతికి వస్తాయో నువ్వూ కాస్త ఆలోచించు.

మరునాడు పొద్దున్నే పంతులమ్మను బతిమాలి బంగళాకు తీసుకుపోయాను. దొరసాని వరండాలో టీ తాగుతోంది. నేను నిలబడి చెప్పాను. ఈ బుట్టలు చెంచు ఆడవాళ్లు అల్లినవి కావు. మేదర వీధిలో నేను అల్లుతాను, మా మామ అల్లుతాడు. పులులు లేవు, పున్నములు లేవు. నిన్న ఆ గుడ్డ తెచ్చింది నేనే. నీ పేరు చెప్పి, దొరసానీ, నిన్నే ఊరందరి చేత తిట్టించాను. పంతులమ్మ ఒక్కొక్క ముక్కా చెబుతుంటే దొరసాని మొహం ఎర్రబడింది. కప్పు కింద పెట్టేసి గబగబా ఏదో అంది.

"ఏమంటోంది?" అన్నాను.

"వినగలవా?" అంది పంతులమ్మ.

"చెప్పు."

"నీ మొగుడు ఒక అబద్ధం అమ్మినాడు, నువ్వు ఒకటి అమ్మినావు, మీ ఇంట్లో అబద్ధం అల్లనివాళ్లు ఎవరైనా ఉండారా అని అడుగుతోంది."

"మా మామ" అన్నాను. అది విని దొరసాని, నువ్వే అల్లితే అల్లి చూపించమంది. బద్దలు వెంట తీసుకుపోయాను, అడుగుతుందని తెలుసు. ఆ వరండాలో కూర్చుని అడుగు పోసి, గోడలు లేపి, అంచు కట్టి, మూతతో సహా బుట్ట పూర్తి చేశాను. ఎండ వరండాలోకి వచ్చి మళ్లీ వెనక్కి పోయింది. ఆమె తన కుర్చీలోంచి లేవలేదు. పుస్తకం చేతిలో ఉంది గానీ తిప్పలేదు. చివర్న నా వేళ్లు చూపించమంది. చూపించాను. ఒక కాగితం ఇచ్చి, పేరు రాయడం వచ్చా అని అడిగింది. రాశాను. అలివేలమ్మ, మేదర వీధి, మార్కాపురం. మ కింద మ పెట్టడానికి కాస్త తడబడ్డాను. ఆమె ఆ కాగితం బుట్టలో పెట్టి మూత వేసుకుంది.

వంద బుట్టలు అడుగుతుందేమోనని లోపల ఆశ ఉన్నమాట నిజం. అడగలేదు. పులుల బుట్టలైతే అక్కడివాళ్లు ఎగబడి కొంటారట, మామూలు ఆడమనిషి పగటిపూట అల్లినవి ఒకటో రెండో పోతాయట. కోపంతో కాదు, ఉన్నమాట చెప్పినట్లే చెప్పింది. ఆ ఒక్క బుట్టకు వెల ఇచ్చి ఆ సాయంత్రం బండికే పోయింది. నీ దగ్గరికి వస్తే వస్తుంది. వచ్చి అరిస్తే నిలబడి విను.

ఆ తరువాత గూడేనికి పోయాను. మామ తానూ వస్తానన్నాడు. వద్దంటే వినడు. పెద్దారవీడు దాకా బండి, అక్కడి నుంచి నడక. దారి పొడుగునా నిన్నూ నన్నూ కలిపి తిడుతూనే ఉన్నాడు, ఆయాసం వచ్చినప్పుడు ఆగి మళ్లీ మొదలు పెట్టాడు. ఒక కొత్త చీర కొని పట్టుకుపోయాను. చిన్నమల్లయ్య గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. మామను చూసి లేచి ఈతచాప వేశాడు. నన్ను కూర్చోమనలేదు. సుబ్బమ్మ లోపలే ఉంది, గాజుల చప్పుడు వినబడుతోంది. నేను గుమ్మం బయట నిలబడి జరిగిందంతా నా నోటితోనే చెప్పాను. దొరసాని అనలేదు, నేనే అన్నాను అని. లోపల చప్పుడు ఆగిపోయింది గానీ ఆమె బయటికి రాలేదు.

చీర గడప మీద పెట్టబోతే చిన్నమల్లయ్య వద్దన్నాడు. "దానికి చీర ఉంది" అన్నాడు. మామ వైపు తిరిగి, "మామా, నీ మొగం చూసి వెదురు తెస్తా. మీ ఇంటి దాకా రాము. వీధి మొగన దించి పోతాం. నీ కొడుకు మాల్యాద్రి వచ్చినప్పుడు ఆయప్పతో మాట్లాడేది వేరే ఉంది" అన్నాడు.

పోయిన సోమవారం నుంచి వెదురు వస్తోంది. అన్న మాట ప్రకారం వీధి మొగన దించి, పిలవకుండా పోతున్నారు. నేను పోయి ఒక్కో మోపు ఈడ్చుకు వస్తున్నాను. వీధిలో వాళ్లు ఎందుకని అడిగితే ఎందుకో చెబుతున్నాను. మొదటిరోజు చెప్పడం కష్టమైంది. ఇప్పుడు మన వీధి ఆడవాళ్లు నాతో మాట్లాడుతున్నారు గానీ యల్లయ్య మాట్లాడడం లేదు. అతని గొణుగుడు కూడా కలిపి చెప్పానని కోపం.

ఇక నీ సంగతి. అట్టచీటీలన్నీ చింపెయ్. ఎన్ని అచ్చు వేయించావో, ఎంత పోశావో నాకు చెప్పకు, నాకు అక్కర్లేదు. ఈసారి పంపే బుట్టలకు చీటీ నేనే రాసి కడతాను. అల్లిన మనిషి పేరు, ఊరు, అంతే. దాన్ని ఇంగ్లీషులో రాయించుకుంటే రాయించుకో, ఒక్క పులిని కూడా కలపకు. చెన్నపట్నంలో అట్లా అమ్ముడు కాకపోతే ఆ దుకాణం మూసెయ్. ఇక్కడ శ్రీశైలం పోయేవాళ్లకు బుట్ట కావాలి, రైతుకు గంప కావాలి, కల్లానికి చేట కావాలి. వాళ్లలో ఎవరూ ఎవరు అల్లారని అడగరు, ఎన్నాళ్లు ఉంటుందని అడుగుతారు. దానికి మనం నిజమే చెప్పగలం. నువ్వు ఇల్లు చేరడానికి వంద బుట్టలు ఓడెక్కాలా? రైలెక్కితే చాలదా? ముందు గూడేనికి పోయి చిన్నమల్లయ్య ముందు నిలబడు. ఆయన ఏమంటాడో నాకు తెలియదు. నీ బదులు నేను వినను.

నిన్న ఒకటి జరిగింది. వెదురు కోసం వీధి మొగకు పోయేసరికి మోపు పక్కన సుబ్బమ్మ నిలబడి ఉంది. అదే ఆకుపచ్చ చీర. ఆమే మాట్లాడింది.

"ఒక చేట కావాల. ఊరికే వద్దు. వెల చెప్పు."

ఇంటికి రమ్మంటే రానంది. పరుగున పోయి నాలుగు చేటలు తెచ్చాను. తక్కువ వెల చెప్పాను. ఆమె నా మొహం కేసి చూసి, "అందరికీ ఇదేనా?" అంది. అబద్ధం చెప్పలేక అసలు వెల చెప్పాను. అప్పుడు బేరం మొదలు పెట్టింది బావా! స్టేషనులో గుంటూరామె దిగదుడుపు. ఒకటి బరువంది, ఒకటి తేలికంది. మూడోది ఎండకు పట్టి చూసి, సందుల్లోంచి కొర్రలు జారతాయంది. నాలుగోది ఒళ్లో పెట్టుకుని, అంచంతా బొటనవేలితో తడిమి, ఒకచోట నొక్కింది. "ఈడ వదులుగా ఉంది. నీ చెయ్యేనా ఇది?" నా చెయ్యే. మనసు ఎక్కడో పెట్టుకుని కట్టిన అంచు. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. "చీర బాగుంది సుబ్బమ్మా" అన్నాను, మధ్యలో.

"చీర సంగతి అడగలే" అంది. నాలుగు చేటలూ నా చేతుల్లో పెట్టేసింది. "ఇంకోటి అల్లు. సరిగ్గా అల్లు. సంతనాటికి వస్తా" అని పోయింది.

సంత ఎల్లుండి. పొద్దుటి నుంచి ఆ చేట మీదే ఉన్నాను. రెండుసార్లు విప్పేశాను. మామ చూసి చూసి, తన చేతిలో గంప పక్కన పెట్టి, నాకు బద్దలు పలచగా చీల్చి ఇస్తున్నాడు. అది అయ్యేదాకా నీ మూతల బుట్టలు ముట్టుకోను. తొందర పెడుతూ కార్డు రాయకు.

ఇట్లు,
ఆ బుట్టలు అల్లే నీ మరదలు,
అలివేలమ్మ.